పసిఫిక్ దీవుల చరిత్ర – 9: తలూన్ ఓడ తెచ్చిన జ్వరం

సమోవా దీవులు రెండుగా చీలిపోయిన వైనం కిందటి భాగంలో చూశాం. 1899లో జర్మనీ, అమెరికా, బ్రిటన్ ఒక ఒప్పందం రాసుకున్నాయి. అక్కడి జనాన్ని ఒక్క మాటైనా అడగలేదు. పడమటి దీవులు జర్మనీకి, తూర్పు దీవులు అమెరికాకు దక్కాయి. బ్రిటన్ తన లాభం ఇంకోచోట చూసుకుని తప్పుకుంది. జర్మన్ గవర్నర్ విల్‌హెల్మ్ సోల్ఫ్ ఆపియాలో కూర్చుని పాత నాయకుల పలుకుబడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాడు. ఎదురు తిరిగిన లావాకి అనే పెద్దను 1909లో దూరాన ఉన్న సైపాన్ దీవికి పంపించాడు. ఐరోపాలో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, 1914 ఆగస్టు 29న, న్యూజిలాండ్ సైనికులు పోరు లేకుండా ఆపియాలో దిగారు. అక్కడితో ఆ భాగం ముగిసింది. ఈ భాగంలో చెప్పుకోబోయేది 1918 చివరి 2 నెలల కథ. కాలం చిన్నదే అయినా, పశ్చిమ సమోవా చరిత్రలో అంతకు ముందరి వందేళ్లలో ఏ యుద్ధమూ చేయని నష్టం ఆ 2 నెలల్లో జరిగింది.

అప్పటి పశ్చిమ సమోవా జనాభా సుమారు 38 వేలు. ఉపోలు, సవాయి అనే రెండు పెద్ద దీవులు, వాటి అంచుల వెంట ఊళ్లు. ఆపియా ఒక్కటే చెప్పుకోదగ్గ రేవు. పాలన న్యూజిలాండ్ సైన్యాధికారి కర్నల్ రాబర్ట్ లోగన్ చేతిలో ఉండేది. స్కాట్లండ్ నవలాకారుడు స్టీవెన్‌సన్ కట్టుకున్న వైలిమా భవనమే జర్మన్ గవర్నర్లకూ, ఆ తర్వాత లోగన్‌కూ నివాసమైంది. తోటల్లో చైనా కూలీలు పనిచేసేవారు. ఎండుకొబ్బరి, కోకో ఓడలెక్కేవి. సమోవన్ కుటుంబం మాత్రం తన పాత పద్ధతిలోనే బతికేది. దగ్గరి బంధువులూ దూరపు బంధువులూ కలిసిన పెద్ద కుటుంబాన్ని వాళ్లు ఐంగా అంటారు. దానికి పెద్ద మటాయ్. భూమి ఎవరు దున్నాలో, ఏ పెళ్లికి ఏ చాపలు ఇవ్వాలో, ఊరి సభలో ఎవరు మాట్లాడాలో అన్నీ మటాయ్ చెప్పాల్సిందే. ఇల్లంటే గోడల్లేని ఫాలె. చుట్టూ స్తంభాలు, పైన ఆకుల కప్పు, నేల మీద చాపలు. వానొస్తే కొబ్బరాకు తడికలు దించుకునేవారు. అందులో పదీ పదిహేను మంది పక్కపక్కనే పడుకునేవారు. ఊపిరితో వ్యాపించే జబ్బు ఇలాంటి ఇంటికి వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ జబ్బు అప్పటికే సగం ప్రపంచాన్ని చుట్టేసింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా ఆ శీతాకాలానికల్లా భారతదేశమంతా పాకింది. మన దేశంలో కోటికి పైగా జనం పోయారని అందరూ ఒప్పుకుంటారు. మద్రాసు రాజధాని జిల్లాలు కూడా తప్పించుకోలేదు. న్యూజిలాండ్‌కు అది అక్టోబరులో ప్రాణాంతక రూపంలో చేరింది. నెల తిరిగేసరికి ఆక్లాండ్‌లో ఆస్పత్రులు నిండిపోయాయి. అక్టోబరు 30న అదే ఆక్లాండ్ నుంచి తలూన్ అనే స్టీమరు దీవుల చుట్టూ తిరిగే తన మామూలు ప్రయాణానికి బయల్దేరింది. ఫిజీలో సూవా, లెవుకా, తర్వాత ఆపియా, అక్కణ్నుంచి టోంగా, ఇదీ దాని దారి. ఆక్లాండ్ అధికారులు దానికి ఆరోగ్య పత్రం ఇచ్చి పంపారు. రూలు ప్రకారం వాళ్లు తప్పు చేయలేదు. అప్పటికి ఇన్‌ఫ్లుయెంజా న్యూజిలాండ్‌లో తప్పనిసరిగా ప్రకటించాల్సిన రోగాల జాబితాలో లేదు. మశూచి, ప్లేగు ఉంటే ఓడను ఆపేవారు. ఊరంతా మంచం పట్టిన జ్వరం ఆ జాబితాలో లేనందువల్ల ఓడ కదిలిపోయింది.

ఈ కథలో మొదటి కీలకం సూవాలో ఉంది. తలూన్ అక్కడికి చేరేసరికి ఓడలో జబ్బుపడ్డవాళ్లున్నారు. ఫిజీ అధికారులు ఓడ మీద కొన్ని ఆంక్షలు పెట్టి ప్రయాణికుల రాకపోకలను కట్టడి చేశారు. అంటే ఈ ఓడ అనుమానించదగ్గదని ఒక రేవు గుర్తించిందన్నమాట. అయినా సరుకు ఎత్తడానికీ దించడానికీ ఫిజీ కూలీలను ఎక్కించుకునే ఓడ ముందుకు సాగింది. ఆపియా చేరేలోగా ఆ కూలీల్లో చాలామంది పడకేశారు. ఆ కట్టడితో ఫిజీ తప్పించుకోలేదు. అక్కడ మొత్తం జనాభాలో సుమారు 5 శాతం మంది ఆ రోగానికి బలయ్యారు. ఆ దేశపు చెరకు తోటల్లో 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లూ తమిళులూ ఉన్నారు. కూలి లైన్లలో కిక్కిరిసి ఉండే ఆ గిర్మిటియాల బతుకుల గురించి ఈ ధారావాహికలో ముందొక భాగం రాస్తాను. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఇంతే: ఆ నవంబరులో మన జిల్లాల్లో ఒక తల్లీ, సూవా దాపుల్లో ఆమె కొడుకూ ఒకే రోగంతో పడిపోయి ఉండడం అసంభవమేమీ కాదు.

నవంబరు 7 ఉదయం తలూన్ ఆపియా రేవులోకి వచ్చింది. రేవు వైద్యాధికారి ఓడెక్కాడు. సూవాలో ఓడను కట్టడి చేసిన సంగతి కెప్టెన్ జాన్ మాసన్ ఆయనకు చెప్పలేదు. వైద్యాధికారి కూడా గట్టిగా ఆరా తీయలేదు. ప్రయాణికులు దిగవచ్చని అనుమతి ఇచ్చేశాడు. జ్వరంతో ఉన్నవాళ్లు బంధువుల చేతులు పట్టుకుని ఒడ్డున అడుగుపెట్టారు. రేవుకు వచ్చిన చుట్టాలు వాళ్లను తమ తమ ఊళ్లకు తీసుకుపోయారు. కొద్ది రోజుల్లో ఉపోలు అంతటా, ఆ వెనకే సవాయిలో జ్వరం పాకింది. ఆపియా వార్తాపత్రిక కూడా ఆగిపోయింది, ఎందుకంటే దాన్ని నడిపేవాళ్లే పడిపోయారు. అందువల్ల ఆ వారాల్లో ఏ ఊళ్లో ఏం జరుగుతోందో పక్క ఊరికి తెలియలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఒక ఇంట్లోకి చూడాలి. ఈ దుర్ఘటనలో చావులకు కారణం ఒక్క రోగమే కాదని ఆ ఇల్లు చూస్తేనే అర్థమవుతుంది. అప్పటి సమోవాలో తిండి కొట్టులో కొనుక్కునేది కాదు, గిడ్డంగిలో దాచుకునేదీ కాదు. చేమదుంప కొండవాలు చేలో ఉంటుంది. దాన్ని తవ్వి, కావడికి కట్టి మోసుకురావాలి. సీమపనస చెట్టుమీద ఉంటుంది, ఎవరో ఎక్కాలి లేదా పొడవాటి గడతో కోయాలి. కొబ్బరి వలవాలి. తర్వాత రాళ్లు ఎర్రగా కాల్చి, వాటిమీద దుంపలు పరిచి, ఆకులతో కప్పి ఊము వండాలి. ఇదంతా ఏ రోజుకారోజు పడుచువాళ్ల ఒళ్లు వంగి చేయాల్సిన పని. ఈ ఇన్‌ఫ్లుయెంజా విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ పడుచువాళ్లనే ఎక్కువగా పట్టుకుంది. ఇంట్లో బలమున్నవాళ్లంతా ఒకేసారి చాప మీద పడితే చేనుకు వెళ్లేదెవరు, రాళ్లు కాల్చేదెవరు, ఒక దోసెడు నీళ్లు అందించేదెవరు? జ్వరం తగ్గి లేవబోయినవాళ్లు తిండి లేక మళ్లీ పడిపోయారు. న్యుమోనియా తోడైంది. రోగం నుంచి బయటపడదగ్గవాళ్లను ఆకలీ, ఆలనాపాలనా లేకపోవడమూ కలిసి తీసుకుపోయాయి.

చనిపోయినవాళ్లకు మర్యాద చేయడం సమోవన్లకు ప్రాణంతో సమానం. పేరుపేరునా బంధువులు రావాలి, సన్నటి చాపలు ఇచ్చిపుచ్చుకోవాలి, మటాయ్‌లు మాట్లాడాలి. ఆ నవంబరులో ఇవేవీ జరగలేదు. శవాలను చాపల్లో చుట్టి లారీల మీద వేసుకుని ఆపియా అంచున వైమేయాలో పెద్ద గోతుల్లో పూడ్చారు. బతికినవాళ్లు లేని కొన్ని ఇళ్లను శవాల మీదే కూల్చి తగలబెట్టారు. ఈ పనుల్లో న్యూజిలాండ్ సైనికులు, ఊళ్లో తిరగగలిగిన ఐరోపా వాళ్లు, మిషనరీలు రాత్రింబవళ్లు కష్టపడ్డారు. గంజీ సూపూ వండి పంచారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 1918 డిసెంబరు 31 నాటికి 7,542 మంది చనిపోయారని తర్వాత విచారణ సంఘం లెక్క కట్టింది. ఆ పైన పోయినవాళ్లనూ కలుపుకుని సుమారు 8,500 అని చరిత్రకారులు అంటారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా. వయసొచ్చిన మగవాళ్లలో సుమారు 30 శాతం, ఆడవాళ్లలో 22 శాతం, పిల్లల్లో 10 శాతం పోయారు. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఆ మహమ్మారి ఇంత పెద్ద వంతును తీసుకుపోయిన దాఖలా లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇది విధి అనుకోవాలా? కాదని నా వాదన. రోగం ఆ దీవుల దాకా రావడాన్ని ఆపగలిగే అవకాశం ఉంది. వచ్చాక ఇంతమంది చావకుండా చూసే అవకాశమూ ఉంది. రెండు చోట్లా పాలకుల నిర్ణయాలే అడ్డం వచ్చాయి. దీనికి సాక్ష్యం 60 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం అవతల ఉంది. టుటుయిలా దీవిలో అమెరికా నౌకాదళం నడిపే సమోవా అది. అదే భాష, అవే మటాయ్ పదవులు, రెండు దీవుల్లోనూ బంధువులున్న అవే కుటుంబాలు, అవే గోడల్లేని ఇళ్లు. అక్కడి గవర్నర్ కమాండర్ జాన్ పోయర్. వైర్‌లెస్ వార్తల ద్వారా ప్రపంచంలో ఏం జరుగుతోందో ఆయన చదివాడు. ఆపియాలో ఉన్న అమెరికా కాన్సుల్ నుంచి కూడా కబురందింది. పాంగో పాంగో రేవును కట్టుదిట్టం చేశాడు. వచ్చే ఓడలను, పడవలను, ఆపియా నుంచి వచ్చే ఉత్తరాల పడవతో సహా, ఆపేశాడు. అంతకంటే ముఖ్యంగా ఆ పని ఒంటరిగా చేయలేదు. ఊరి పెద్దలు తమ తీరాలను తామే కాశారు. రాత్రుళ్లు పడవల్లో తిరుగుతూ, అవతలి నుంచి ఏ బంధువు వచ్చినా దిగనివ్వకుండా వెనక్కి పంపారు. బంధువు గుమ్మంలోకి వస్తే పొమ్మనడం సమోవన్ మర్యాదలో ఎంత కష్టమో తెలిస్తే వాళ్లు చేసిన పని విలువ తెలుస్తుంది. సుమారు 8 వేల మంది ఉన్న ఆ దీవుల్లో ఇన్‌ఫ్లుయెంజా చావు ఒక్కటి కూడా లేదు. ఆ కట్టడిని 1920 దాకా సడలించలేదు.

దీనికి కొందరు అడ్డుచెప్తారు. తూర్పు సమోవా చిన్నది, దానికి ఒకే రేవు, ఓడల రాకపోకలు తక్కువ, పోయర్‌కు అదృష్టం కలిసొచ్చిందని మొదటి మాట. ఇందులో కొంత నిజం ఉంది. చిన్న తీరాన్ని కాయడం తేలిక. కానీ పశ్చిమ సమోవాకు కూడా పెద్ద ఓడలు ఆగే రేవు ఆచరణలో ఆపియా ఒక్కటే. పైగా తలూన్ దొంగచాటుగా వచ్చిన ఓడ కాదు. తేదీ, సమయం ముందే తెలిసిన ఓడ. దాన్ని ఆపాలంటే పొడవైన తీరమంతా కాయాల్సిన పని లేదు, రేవులో ఒక వైద్యుడు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఆస్ట్రేలియా అక్టోబరులోనే సముద్ర క్వారంటైన్ పెట్టి 1919 జనవరి దాకా రోగాన్ని బయటే నిలబెట్టింది. ఫ్రెంచి పాలనలోని న్యూ కాలెడోనియా 1921 దాకా నిలబెట్టింది. ఇన్ని చోట్ల అదృష్టమే పనిచేసిందంటే నమ్మబుద్ధి కాదు.

రెండో మాట, ఎవరికీ తెలియదని. యుద్ధం చివరి రోజులు, వార్తలు గందరగోళంగా ఉన్నాయి, ఇన్‌ఫ్లుయెంజా అంటే అందరూ మామూలు పడిశమనే అనుకున్నారని. ఇది నిలవదు. ఆపియాలో జర్మన్ల కాలంలో కట్టిన వైర్‌లెస్ స్టేషను ఉంది. పోయర్‌కు అందిన వార్తల్లాంటివి లోగన్‌కూ అందే మార్గం ఉంది. పసిఫిక్‌లో రేవు పాలకులకు ఇంకా పాత పాఠం కూడా ఉంది. 1875లో ఫిజీ అధినేత తాకోంబావు సిడ్నీ నుంచి తిరిగొస్తూ తెచ్చిన తట్టు జ్వరం ఆ దీవుల్లో నాలుగోవంతుకు, కొందరి లెక్కలో మూడోవంతుకు దగ్గరగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. సమోవాకు కూడా 1893లో తట్టు వచ్చి వెయ్యి మందిని తీసుకుపోయింది. బయటి నుంచి ఓడలో వచ్చే రోగం దీవి జనానికి ఎంత ప్రమాదమో అక్కడ పాలించేవాళ్లకు తెలిసి ఉండాల్సిన విషయం. అది తెలుసుకోవడం వాళ్ల ఉద్యోగం.

మూడో మాట ఇంకా బలమైనది. సమోవన్లకు ఇలాంటి రోగాలు కొత్త, వాళ్ల ఒంట్లో ఎదుర్కొనే శక్తి లేదు, కాబట్టి ఎవరు ఏం చేసినా చావులు తప్పేవి కావని అప్పటి అధికారులు అన్నారు, ఇప్పటికీ కొందరు అంటారు. టుటుయిలాలో రోగమే రాలేదు కాబట్టి అది దీనికి జవాబు కాదని నేనూ ఒప్పుకుంటాను. జవాబు టోంగాలో ఉంది. అదే తలూన్ ఆపియా నుంచి నేరుగా టోంగా దీవులకు వెళ్లి అదే రోగాన్ని అంటించింది. టోంగన్లు సమోవన్లకు రక్తసంబంధీకులనదగ్గ జాతి, వాళ్లకీ ఈ రోగం అంతే కొత్త. అక్కడ పోయినవాళ్లు జనాభాలో 6 నుంచి 8 శాతం. అది ఘోరమే, కానీ సమోవాలో పోయిన వంతు దానికి రెండింతలకు మించి ఉంది. రక్తం ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఉండకూడదు. తిండి, నీళ్లు, సాయం అందాయా లేదా అన్నది చావు లెక్కను మార్చిందని ఇది చెప్తోంది. ఒంటి శక్తి తక్కువన్నది నిజమే అయినా, దానివల్ల పాలకుల బాధ్యత పెరగాలి కానీ తగ్గకూడదు.

సాయం విషయానికొస్తే లోగన్ మీద ఆరోపణ ఇంకా బరువవుతుంది. ఆపియా పరిస్థితి తెలిసిన పోయర్, మేమేమైనా సాయం చేయగలమా అని వైర్‌లెస్‌లో అడిగాడు. పాంగో పాంగోలో నౌకాదళ వైద్య సిబ్బంది ఉన్నారు. లోగన్ ఆ కబురుకు జవాబివ్వలేదు. తన ఉత్తరాల పడవను అవతలివాళ్లు ఆపారన్న కోపంతో టుటుయిలాతో వైర్‌లెస్ సంబంధమే తెంచేశాడు. జనం వందల్లో చస్తున్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. ఆపియా దగ్గరి పాపౌటా బాలికల పాఠశాలలో జబ్బుపడ్డ పిల్లలకు తిండి కావాలని అడగబోతే ఆయన దురుసుగా తిట్టి పంపాడని ఆ పాఠశాల పెద్ద చెప్పిన మాట కూడా రికార్డుకెక్కింది. ఆయనను రాక్షసుడిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. తన వైద్యులే జ్వరంతో పడిపోతే, చుట్టూ శవాలుంటే, ఏ మనిషికైనా మతి చెదురుతుంది. కానీ తర్వాత, ప్రశాంతంగా కూర్చుని రాసినప్పుడు కూడా, సమోవన్లు చిన్నపిల్లల్లాంటివారు, కొన్నాళ్లకు ఈ దుఃఖం మర్చిపోయి తాము చేసిన మేలే గుర్తుంచుకుంటారని ఆయన భావించాడు. అసలు కారణం ఆ భావనలోనే ఉందని నాకనిపిస్తుంది. పోయర్ ఊరి పెద్దలకు పని అప్పగించాడు, లోగన్ వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు.

చివరికి సాయం ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఎన్‌కౌంటర్ అనే యుద్ధనౌక వైద్యులతో, మందులతో నవంబరు 24న సిడ్నీలో బయల్దేరి సూవా మీదుగా డిసెంబరు 3న ఆపియా చేరింది. అప్పటికే తలూన్ వచ్చి దాదాపు 4 వారాలైంది. చావుల్లో పెద్ద భాగం జరిగిపోయింది. ఆపియా రేవు నుంచి 130 కిలోమీటర్ల దూరంలోని పాంగో పాంగో వైద్యులను కాదనుకుని, వేల కిలోమీటర్ల అవతలి ఓడ కోసం ఎదురుచూసిన ఫలితం అది. 1919లో న్యూజిలాండ్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం రోగాన్ని తెచ్చింది తలూనేనని, ఓడ అధికారులూ పాలనాయంత్రాంగమూ నిర్లక్ష్యం చూపారని, అమెరికన్ల సాయం అడగకపోవడం తప్పని తేల్చింది. లోగన్ అప్పటికే, ఆ ఏడాది జనవరిలో, న్యూజిలాండ్ వెళ్లిపోయాడు. మళ్లీ ఆ పదవిలోకి రాలేదు. అంతకు మించి ఏ శిక్షా ఎవరికీ పడలేదు.

పోయినవాళ్లలో మటాయ్‌లు ఎక్కువ. ఏ పొలం హద్దు ఏ చెట్టు దాకానో, ఏ బిరుదు ఎవరికి చెందుతుందో, వంశావళి ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో నోటి మాటగా మోసినవాళ్లు వాళ్లు. వాళ్లతో పాటే ఆ జ్ఞానమూ పోయింది. మిగిలినవాళ్లకు న్యూజిలాండ్ పాలన మీద నమ్మకం పోయింది. 1919 జనవరిలోనే సమోవన్ పెద్దలు తమ దీవులను అమెరికాకు అప్పగించమనీ, లేదా నేరుగా లండన్ కిందకు తీసుకోమనీ కోరుతూ వినతిపత్రం రాశారు. లోగన్ స్థానంలో వచ్చిన కర్నల్ టేట్ దాన్ని వెనక్కి తీసుకునేలా ఒప్పించాడు. కోపం మాత్రం వెనక్కి పోలేదు. ఆ మహమ్మారిలో తల్లినీ, ఏకైక సోదరుణ్నీ, ఒక సోదరినీ పోగొట్టుకున్న ఓలాఫ్ నెల్సన్ అనే వ్యాపారి పదేళ్లలోపే న్యూజిలాండ్ పాలనను ఎదిరించిన మౌ ఉద్యమానికి ముందు వరుసలో నిలబడ్డాడు.

ఆ ఉద్యమం ఎలా పుట్టిందో, 1929 డిసెంబరు 28న ఆపియా వీధిలో శాంతియుతంగా నడుస్తున్న ఊరేగింపు మీద న్యూజిలాండ్ పోలీసులు ఎందుకు కాల్పులు జరిపారో, ఆ రోజు నేలకొరిగిన తూపువా తమసేసే ఎవరో వచ్చే భాగంలో తెలుసుకుందాం. అదే దారిలో నడిచి సమోవా 1962 జనవరి 1న స్వతంత్ర దేశమైంది. తలూన్‌ను ఆపియా రేవులోకి రానిచ్చినందుకు న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ ఆపియాకే వచ్చి క్షమాపణ చెప్పడానికి మరో 40 ఏళ్లు పట్టింది. అది 2002 జూన్‌లో.